మ్యాక్‌లో లిబ్రేఆఫీస్ అసలు ప్రోగ్రామ్ ఫైలు ఎక్కడ ఉంటుంది?

పాతపుస్తకం
మా గ్రంథాలయ పత్రాలన్నిటినీ ఒకేసారి పీడీఎఫ్‌గా మార్చడానికి పైథాన్ స్క్రిప్టు రాశాను. అప్లికేషన్స్‌లోని లిబ్రేఆఫీస్.యాప్ దారి ఇస్తే అనుమతి లేదంటోంది. ఉబుంటు లినక్స్‌లో కూడా నడవాలి. తెలుగు అక్షరాలు చెదరకూడదు.

టెర్మినల్‌తాత
.యాప్ అంటే ఫోల్డర్ అండీ, ఫైలు కాదు. ఫోల్డర్‌ను నడపమంటే ఆ జవాబే వస్తుంది. అనుమతులు మార్చే పని పెట్టుకోకండి. దాని మీద కుడి క్లిక్ చేసి 'షో ప్యాకేజ్ కంటెంట్స్' నొక్కండి. కంటెంట్స్‌లో మ్యాక్‌ఓఎస్, అందులో ఎస్‌ఆఫీస్. మీకు కావలసింది అదే.

గోదారిగట్టు
అంత పొడవైన దారి ఎందుకు? యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఒక సింబాలిక్ లింకు (అసలు ఫైలు వైపు చూపించే గుర్తు) పెట్టుకుంటే సరిపోతుంది.

టెర్మినల్‌తాత
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. బండిల్‌లోని, అంటే ఆ .యాప్ ఫోల్డర్‌లోని ప్రోగ్రామ్ తను ఉన్న చోటును బట్టే తనకు కావలసిన కోడ్ ఫైళ్లను (లైబ్రరీలను) వెతుక్కుంటుంది. లింకు ద్వారా పిలిస్తే ఆ లెక్క తప్పవచ్చు. పూర్తి దారిని పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు (టెర్మినల్ ఆదేశాల ఫైలు) రాసుకోండి. మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు వేసిపెట్టే హోమ్‌బ్రూ చేసేదీ అదే.

గోదారిగట్టు
డెబియన్ లినక్స్‌లో యూఎస్ఆర్/బిన్‌లో ఉన్న ఎస్‌ఆఫీస్ లింకే కదా! అది తప్పని వాళ్లకూ చెబుతారా?

టెర్మినల్‌తాత
అక్కడ ఎస్‌ఆఫీస్ ఒక షెల్ స్క్రిప్టు. లింకును వెంబడించి అసలు చోటు కనుక్కునే వరుసలు అందులోనే ఉన్నాయి. మ్యాక్‌లో ఉన్నది బైనరీ, అంటే నేరుగా యంత్రభాషలో ఉన్న ఫైలు. అప్లికేషన్లను ప్యాకేజీ చేయడమే నా వృత్తి, ఈ తేడా తెలియకుండా మాట్లాడటం లేదు.

గోదారిగట్టు
వృత్తి పేరు చెప్పి నోరు మూయించవద్దు. నా మ్యాక్‌లో ఏళ్లుగా నడుస్తోంది.

నీలిమేఘం
ఇద్దరూ కాస్త ఆగండి. ఏ యాప్‌కైనా లోపలి ప్రోగ్రామ్ ఫైలు పేరు ఊహించనక్కరలేదు. కంటెంట్స్‌లోని ఇన్ఫో.పీలిస్ట్ తెరిచి 'సీఎఫ్‌బండిల్‌ఎగ్జిక్యూటబుల్' ఎదురుగా ఉన్న పేరు చూడండి. ఫైర్‌ఫాక్స్ లోపలి ఫైలు పేరంతా చిన్న అక్షరాలే. అక్షరభేదం పాటించే డిస్కులో పెద్ద అక్షరంతో రాస్తే దొరకదు.

కిటికీ
విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద లిబ్రేఆఫీస్, దానిలో ప్రోగ్రామ్ ఫోల్డర్. అక్కడ ఎస్‌ఆఫీస్.ఈఎక్స్ఈతో పాటు ఎస్‌ఆఫీస్.కామ్ కూడా ఉంటుంది. స్క్రిప్టుల్లో రెండోదే వాడండి, సందేశాలు కమాండ్ తెర మీదే కనిపిస్తాయి. దారిలో ఖాళీ ఉంది కనుక కొటేషన్ గుర్తులు తప్పనిసరి.

గోదారిగట్టు
విండోస్ గురించి ఎవరు అడిగారండీ?

కిటికీ
ఇది చదివే అందరి దగ్గరా మ్యాక్ ఉండదు.

చిత్తుప్రతి
ఉబుంటులో లిబ్రేఆఫీస్‌ను స్నాప్ అనే ప్యాకేజీ పద్ధతి ద్వారా వేసుకుంటే స్నాప్/బిన్‌లో చూడండి. ఫ్లాట్‌పాక్ అనే మరో పద్ధతి అయితే దారి వెతకవద్దు, 'ఫ్లాట్‌పాక్ రన్' ఆదేశంతో పిలవండి. ఇక మీ పత్రాలు పాత పద్ధతి అను ఫాంట్లలో ఉన్నాయా, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిదైన యూనికోడ్‌లోనా? అను అయితే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో మార్చిన పీడీఎఫ్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌కు మార్చండి.

నీలిమేఘం
ఆ మార్పిడిలో వత్తులు తారుమారు కాని సాధనం ఎవరైనా వాడారా?