డెబియన్ 12, బీసీఎం43142: కెర్నెల్ అప్‌డేట్ తర్వాత వైఫై పోయింది, పాత కెర్నెల్‌తో బూట్ చేసినా రావట్లేదు

కలువరేకు:

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక్క వైఫై కార్డు దగ్గరే ఆగిపోయాను. ఏం చేశానో వరసగా చెప్తేనే మీకు అర్థమవుతుందని మొత్తం రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

లాప్‌టాప్ మా నాన్నగారిది, 2014లో కొన్నది. విండోస్ తెరుచుకోవడానికే ఐదారు నిమిషాలు పడుతుంటే నేనే డెబియన్ 12 అనే లినక్స్ వేసి ఇచ్చాను. ఆయనకు దాంతో ఉన్న పని రెండే. పొద్దున పేపర్ చదువుకోవడం, రాత్రి ఎనిమిదింటికి మనవరాలితో వీడియో కాల్. లోపలున్న వైఫై కార్డు బ్రాడ్‌కామ్ బీసీఎం43142. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్ ఎన్‌ఎన్‌కే చేర్చి ఇస్తే 14ఈ4:4365 అని ఐడీ చూపిస్తోంది.

ఇన్‌స్టాల్ చేసిన రోజే వైఫై రాలేదు. డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్‌లు కలిపే ఇస్తున్నారని చదివి ఉన్నాను కాబట్టి ఆశ్చర్యపోయాను. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ ఆన్ చేసి నెట్ తెచ్చుకున్నాను. తర్వాత బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, సోర్సెస్ ఫైల్‌లో నాన్-ఫ్రీ విభాగం చేర్చి, ఆ రోజు నడుస్తున్న 6.1.0-21 కెర్నెల్‌కి (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) హెడర్లు (దానికి డ్రైవర్ కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు), వైఫై డ్రైవర్ ఉన్న బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ ప్యాకేజీ వేశాను. రీబూట్ చేయగానే వైఫై వచ్చింది. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు.

గురువారం అప్‌డేట్లు వేశాను. కెర్నెల్ 6.1.0-22 అయింది. రీబూట్ చేస్తే పైన వైఫై గుర్తే లేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్తే అడాప్టర్ దొరకలేదని చెప్తోంది. సరే, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత 6.1.0-21ని ఎంచుకుని బూట్ చేశాను. అందులోనూ రాలేదు! నాకు అంతుపట్టనిది ఇదే. మూడు వారాలు దానిమీదే నడిచింది కదా, ఇప్పుడు దానికేమైంది?

డ్రైవర్ తీసేసి మళ్లీ వేద్దామనుకున్నాను గానీ, ఉన్నది కూడా చెడగొడతానేమోనని ఆగాను. కంటి ఆపరేషన్ అయ్యాక నాన్నగారికి ఫోన్ తెర మీద ముఖాలు సరిగ్గా ఆనడం లేదు. "పాప నవ్వుతోందా?" అని నన్ను అడుగుతున్నారు. అందుకే ఇంత టెన్షన్. దయచేసి చెప్పండి.


నీలిమేఘం:

నా పాత లాప్‌టాప్‌లోనూ బ్రాడ్‌కామ్ కార్డే ఉండేదండి. ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్ అనే ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే వచ్చేసింది. అది ప్రయత్నించి చూడండి.


చుక్కాని:

కలువరేకు గారూ, బీ43 జోలికి వెళ్లకండి. నీలిమేఘం గారు చెప్పింది వాళ్ల కార్డుకి నిజమే అయ్యుంటుంది. కానీ బీ43 డ్రైవర్ అంతకంటే పాత చిప్‌లకు. 43142 దాని జాబితాలో లేదు. కార్డు మీద ఉన్న కంపెనీ పేరు చూసి డ్రైవర్ ఎంచుకుంటే ఇలాగే తప్పిపోతాం. చూడాల్సింది మీరు రాసిన ఆ 14ఈ4:4365. మొదటి సగం తయారీదారు, రెండో సగం చిప్. మొదటి పోస్టులోనే అది ఇచ్చారు, చాలా మంచి పని చేశారు.

ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ ఉన్నా ఎందుకు రాలేదన్నారు కదా. ఫర్మ్‌వేర్ వేరు, డ్రైవర్ వేరు. డ్రైవర్ కెర్నెల్ లోపల నడిచేది. ఫర్మ్‌వేర్ అనేది ఆ డ్రైవర్ తీసుకెళ్లి కార్డులోకి ఎక్కించే ఫైల్. ఇంటెల్ వైఫై కార్డులకి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేర్ ఒక్కటి దొరికితే చాలు. మీ కార్డుకి కెర్నెల్‌లో పనిచేసే డ్రైవరే లేదు. బయటి నుంచి డబ్ల్యూఎల్ అనే మాడ్యూల్ తెచ్చుకోవాల్సిందే. మీరు వేసిన ప్యాకేజీ చేసేది అదే.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త కెర్నెల్‌లో వైఫై పోవడానికి కారణం నాకు దాదాపు తెలిసింది. కానీ పాత కెర్నెల్‌లో పోకూడదు. మీరు మధ్యలో ఇంకేదో మార్చారు, గుర్తు చేసుకోండి. ఇవి కూడా పంపండి: డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏం వస్తుంది? రెండు కెర్నెల్‌లలోనూ విడివిడిగా బూట్ చేసి, సుడో మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ (ఆ మాడ్యూల్‌ని ఎక్కించే కమాండ్) అని కొడితే ఏమంటోంది? ఎర్రర్ వచ్చినచోట ఆగి, అక్షరం అక్షరం రాయండి. కెర్నెల్ కారణం చెప్పకుండా కాదనదు.


కలువరేకు:

చుక్కాని గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మీరు అడిగినవన్నీ చేశాను.

డీకేఎంఎస్ స్టేటస్‌లో ఒకే ఒక్క వరుస వచ్చింది. బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ, వెర్షన్ 6.30.223.271, ఆ పక్కన 6.1.0-21, చివర ఇన్‌స్టాల్డ్ అని. 22 ఊసే లేదు.

6.1.0-22లో మోడ్‌ప్రోబ్ కొడితే, ఆ కెర్నెల్ ఫోల్డర్‌లో డబ్ల్యూఎల్ అనే మాడ్యూల్ దొరకలేదంది. 6.1.0-21లో మాత్రం వేరే మాట: "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్". కెర్నెల్ సందేశాలు చూపే డీమెసెజ్‌లో చివరి వరుసలు చూస్తే, అందుబాటులో లేని కీతో ఉన్న మాడ్యూల్‌ని తిరస్కరించినట్టు ఇంగ్లీషులో ఉంది.

మధ్యలో ఏం మార్చానా అని గుర్తు చేసుకుంటే ఒకటి తట్టింది. వైఫై పోయిన వెంటనే, ఏదైనా సెట్టింగ్ చెదిరిందేమోనని బయోస్‌లోకి వెళ్లి లోడ్ డిఫాల్ట్స్ కొట్టాను. పాత కెర్నెల్‌తో ప్రయత్నించింది ఆ తర్వాతే. దీనివల్లేనా?


చుక్కాని:

దానివల్లే. మీకు వచ్చినవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకదాని వెనక ఒకటి రావడంతో ఒక్కటే అనిపించింది.

మొదటిది హెడర్లు. డబ్ల్యూఎల్ డ్రైవర్‌లో సగం తయారీదారు ముందే కంపైల్ చేసి ఇచ్చిన మూసిన భాగం. మిగతా సగం దాన్ని కెర్నెల్‌తో కలిపే సోర్స్ కోడ్. ఈ రెండో సగాన్ని ప్రతి కెర్నెల్‌కీ మళ్లీ కంపైల్ చేయాలి, అందుకు ఆ కెర్నెల్ హెడర్లే కావాలి. ఆ పనిని మనకు గుర్తు లేకపోయినా చేసిపెట్టేదే డీకేఎంఎస్. కానీ హెడర్లు లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది? మీరు ఆ రోజు కమాండ్‌లో యూనేమ్ హైఫన్ ఆర్ (నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చెప్పేది) పెట్టి హెడర్లు వేసి ఉంటారు. అంటే 6.1.0-21కి మాత్రమే వచ్చాయి. కెర్నెల్ మాత్రం లినక్స్-ఇమేజ్-ఏఎండీ64 అనే మెటాప్యాకేజీ (ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్‌ని తెచ్చిపెట్టేది) ద్వారా దానంతట అదే 22కి వెళ్లిపోయింది, హెడర్లు వెనకే ఉండిపోయాయి. మీ స్టేటస్‌లో ఒకే వరుస ఉండటానికి కారణం ఇదే.

నెట్‌లో ఈ డ్రైవర్ గురించి రాసినవాళ్లలో చాలామంది ఆ యూనేమ్ కమాండ్ దగ్గరే ఆపేస్తారు. ఆ పూటకి వైఫై వస్తుంది, తర్వాతి కెర్నెల్‌కి పోతుంది. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. ఇంకొక్క ప్యాకేజీ పేరు రాస్తే మీకు ఈ మూడు రోజులూ మిగిలేవి. వేయాల్సింది లినక్స్-హెడర్స్-ఏఎండీ64. వెర్షన్ నంబర్ లేకుండా, అంతే. ఇది కూడా మెటాప్యాకేజీయే, కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దాని హెడర్లను వెంట తెస్తుంది.

రెండోది సెక్యూర్ బూట్. డిఫాల్ట్స్ కొట్టగానే అది మళ్లీ ఆన్ అయింది. సెక్యూర్ బూట్ కీల కమాండ్ మోక్‌యుటిల్‌కి రెండు హైఫన్లు, ఎస్‌బీ-స్టేట్ చేర్చి కొడితే ఎనేబుల్డ్ అని చూపిస్తుంది, సరిచూసుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ తనకు తెలిసిన కీతో సంతకం ఉన్న మాడ్యూల్‌నే లోపలికి రానిస్తుంది. సౌండ్, టచ్‌ప్యాడ్ మామూలుగా పనిచేస్తున్నాయంటే వాటి మాడ్యూళ్ల మీద డెబియన్ సంతకం ఉంది కాబట్టి. డబ్ల్యూఎల్‌ని కంపైల్ చేసింది మీ లాప్‌టాప్‌లోని డీకేఎంఎస్. అది సొంతంగా ఒక కీ తయారుచేసుకుని సంతకం పెట్టింది. ఆ కీ ఎవరిదో యంత్రానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. పాత కెర్నెల్‌లో మాడ్యూల్ ఉండి కూడా ఎక్కకపోవడం అందుకే.

ఫోన్ టెథరింగ్ పెట్టుకుని, 6.1.0-22లో ఉండగా సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-ఏఎండీ64 కొట్టండి. హెడర్లు రాగానే డీకేఎంఎస్ దానంతట అదే కంపైల్ మొదలుపెడుతుంది, రెండు మూడు నిమిషాలు కదలకుండా కనిపించినా ఆపకండి. పూర్తయ్యాక స్టేటస్‌లో 22కి కూడా వరుస రావాలి. అది రాకపోతే అక్కడే ఆగి నాకు చెప్పండి, ముందుకు వెళ్లొద్దు.

వచ్చిందంటే, ఇక ఆ కీని యంత్రానికి పరిచయం చేయాలి. సుడో మోక్‌యుటిల్, రెండు హైఫన్లు, ఇంపోర్ట్, ఆ తర్వాత ఫైల్ దారి ఇవ్వండి. రూట్ నుంచి వీఏఆర్, దాని లోపల లిబ్, దాని లోపల డీకేఎంఎస్, అందులో మోక్ డాట్ పబ్. పక్కనే మోక్ డాట్ కీ అనే ఫైల్ కూడా ఉంటుంది. అది మీ రహస్య కీ, దాన్ని ఎవరికీ పంపకండి. కమాండ్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఇది ఒక్కసారి వాడేదే, సులువైనది పెట్టుకోండి. రీబూట్ చేస్తే నీలం రంగు తెర వస్తుంది, పది సెకన్లే ఉంటుంది. ఆలోపు కీబోర్డు మీద ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, చివర రీబూట్.


గోరువంక:

చుక్కాని గారు చెప్పింది సరైన దారే. నేను ఇంకో మాట చెప్తాను, వీలున్నప్పుడు ఆలోచించండి. ఈ డబ్ల్యూఎల్ డ్రైవర్ 6.30.223.271 వచ్చింది 2015లో. ఆ తర్వాత వచ్చిన కెర్నెల్‌లకు సరిపోయేలా డెబియన్ వాళ్లు ప్యాచ్‌లు వేస్తూ నెట్టుకొస్తున్నారు. మూసిన భాగాన్ని మాత్రం వాళ్లూ తాకలేరు. 2019లో ఈ డ్రైవర్‌లో హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో అనే భద్రతా లోపాలు కూడా బయటపడ్డాయి, వాటి నంబర్లు సీవీఈ-2019-9501, 9502.

నేనైతే కార్డే మార్చేశాను. ఏటీహెచ్9కే డ్రైవర్‌తో నడిచే అథెరోస్ కార్డు వేశాను. ఆ డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, దానికి ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా అక్కర్లేదు. అప్పటి నుంచి ఎన్ని కెర్నెల్‌లు మారినా వైఫై గురించి ఆలోచించిందే లేదు. అయితే ముందు వెనక మూత తీసి స్లాట్ మినీ పీసీఐఈనా, ఎం.2నా చూసుకోండి. యాంటెన్నా తీగలు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి, 43142కి ఒక్కటి చాలు కాబట్టి కొన్ని లాప్‌టాప్‌లలో ఒక్క తీగే ఉంటుంది. కొన్ని బయోస్‌లు తమ జాబితాలో లేని కార్డు పెడితే బూటే అవ్వనివ్వవు. ఆ మోడల్ వాడేవాళ్లని అడిగాకే కొనండి.


కలువరేకు:

వచ్చింది! 6.1.0-22లోనే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే వచ్చింది.

హెడర్లు వేయగానే కంపైల్ మొదలైంది, స్టేటస్‌లో రెండో వరుస కనిపించింది. నీలం తెర మొదటిసారి చేజారింది. పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం తెచ్చుకునేలోపు పది సెకన్లు అయిపోయి మామూలుగా బూట్ అయిపోయింది. మళ్లీ ఇంపోర్ట్ కమాండ్ ఇచ్చి, ఈసారి కాగితం ముందే పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా ఇది చదివి చేస్తుంటే, పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద అక్షరాలేమీ కనిపించవు, కంగారు పడకండి. లాగిన్ అయ్యాక ఎల్‌ఎస్‌పీసీఐలో కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని కొత్త వరుస, పక్కన డబ్ల్యూఎల్.

రాత్రి నాన్నగారు పెద్ద తెర మీద పాపతో నలభై నిమిషాలు మాట్లాడారు. పాపకి పై పన్ను ఊడిందని నేను చెప్పకుండానే చూసి అడిగారు. చుక్కాని గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. గోరువంక గారూ, కార్డు మార్చే సంగతి రాసిపెట్టుకున్నాను. ఆ లోపాల గురించి చదివాక మార్చాలనే ఉంది. ఈ వారం మూత తీసి స్లాట్ చూసి చెప్తాను.

ఒక్క చిన్న సందేహం. మా రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంది, ఒకటి మామూలుది, ఒకటి చివర 5జీ అని ఉన్నది. నా ఫోన్‌లో రెండూ కనిపిస్తాయి. ఈ లాప్‌టాప్‌లో మొదటిదే కనిపిస్తోంది. డ్రైవర్‌లో ఇంకా ఏమైనా మిగిలిపోయిందా?


చుక్కాని:

చాలా సంతోషమండి. డ్రైవర్‌లో ఏమీ మిగిలిపోలేదు. 43142 చిప్ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దానికి ఏ డ్రైవర్ వేసినా కనిపించదు. వీడియో కాల్‌కి ఇది సరిపోతుంది. రౌటర్‌లో ఆ మామూలు పేరును మాత్రం ఆపేయకండి. కార్డు మార్చేటప్పుడు రెండు బ్యాండ్‌లూ ఉన్నది చూసుకుంటే ఆ రెండో పేరూ కనిపిస్తుంది. స్లాట్ ఏదో చూశాక ఇక్కడే రాయండి, దానికి సరిపోయేది వెతుకుదాం.