కొండ కొట్టే లేఅవుట్లకు ‘మట్టి కట్టడి’ ప్రణాళిక తప్పనిసరి చేయాలా?

గెడ్డవీధి:
విశాఖలో మధురవాడ, కొమ్మాది వైపు కొండవాలును ఎక్కడ చదును చేసినా, వాన కురిసిన మర్నాడు దిగువ వీధుల్లో ఎర్రబురద తప్పడం లేదు. మా వీధికి ఎగువన ఒక లేఅవుట్ ఉంది, పేరు అనవసరం. వేసవిలో పొక్లెయిన్ తెచ్చి వాలు మొత్తాన్ని ఒకేసారి గీకేశారు. ప్లాట్లు అమ్ముడుపోయేదాకా అలాగే వదిలేశారు. తొలకరి నుంచి ఆ మట్టి మా కాలువలోకి, కాలువ నుంచి గెడ్డ (వాగు)లోకి పోతోంది. ఫిర్యాదు చేస్తే ‘అనుమతులన్నీ సక్రమంగానే ఉన్నాయి’ అన్నారు. ఉన్నాయి, కాదనను. రోడ్డు వెడల్పు, పార్కు స్థలం, కరెంటు స్తంభాలు అన్నీ రాశారు. పని జరుగుతున్నప్పుడు మట్టి ఎటు పోతుందో అడిగే గడి మాత్రం నేను చూసిన పత్రంలో లేదు.

నా ప్రతిపాదన ఇది: ఎకరం దాటిన స్థలంలో నేల తవ్వే ముందే మట్టి కట్టడి ప్రణాళికకు ఆమోదం తీసుకోవాలి. దాన్ని పాటించకపోతే పని ఆపించే అధికారం కార్పొరేషన్‌కు ఉండాలి.

చిన్న బిల్డర్:
మీ బాధ అర్థమైంది. మందు మాత్రం నచ్చలేదు. ఇప్పటికే తిరగాల్సిన బల్లలు చాలా ఉన్నాయి, మీరు ఇంకొకటి వేస్తున్నారు. 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటితే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి ఎలాగూ కావాలి. పైమట్టిని 20 సెంటీమీటర్ల మేర విడిగా తీసి దాచాలని అందులో షరతు కూడా పెడతారు. అది ఎంతమంది పాటిస్తున్నారో వెళ్లి చూడండి. పెద్దవాళ్లు కన్సల్టెంటును పెట్టి లావుపాటి నివేదిక ఇచ్చి బయటపడతారు. రెండెకరాల వాడు మాత్రం సంతకం కోసం నెలల తరబడి తిరగాలి. ఆ ఖర్చు చివరికి గజం ధరలో చేరుతుంది, కొనేది మీలాంటి వారే.

ఇంకో మాట. ఈ నేల స్వభావమే కోసుకుపోవడం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను ఏ పొక్లెయిన్ చెక్కింది? వాన చెక్కింది. 2014లో దాన్నే జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు!

రిటైర్డ్ ఇంజనీరు:
దిబ్బలను చెక్కడానికి వానకు వేల ఏళ్లు పట్టింది బాబూ, మీవాళ్లు ఒక్క వేసవిలో కానిచ్చేస్తున్నారు.

రాలీ తెలుగువాడు:
నేను అమెరికాలో నార్త్ కరోలినాలో సైట్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. ఇక్కడి నేల కూడా ఎర్రబంకే, అందుకే రాస్తున్నాను. ఈ రాష్ట్రంలో మట్టికోత చట్టం 1973లో వచ్చింది. ఎకరం దాటి నేల కదిపితే ముందు ప్రణాళికకు ఆమోదం కావాలి. దేశం మొత్తానికి వర్తించే వాననీటి అనుమతి కూడా ఎకరం నుంచే మొదలవుతుంది. మొదట 5 ఎకరాలు ఉండేది, 2003 నుంచి తగ్గించారు. సైటులో వానకొలమానం ఉండాలి. వారానికోసారి తనిఖీ చేయాలి, 1 అంగుళం వాన పడితే 24 గంటల్లోపు మళ్లీ చూడాలి. పని ఆగిన చోట నిటారు వాలైతే 7 రోజుల్లో, చదునైతే 14 రోజుల్లో గడ్డితోనో ఊకతోనో కప్పాలి. ఉల్లంఘిస్తే రోజుకు 5,000 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు.

అయితే ఇక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోకండి. మట్టిని ఆపడానికి సైటు అంచున కట్టే నల్లటి గుడ్డ కంచె అడుగును నేలలో పాతాలి. పాతకుండా నిలబెడితే నీళ్లు కింది నుంచి పోతాయి, కంచె మాత్రం ఫొటోలో బాగా పడుతుంది. అలాంటివి చాలా చూశాను. బయటికి వచ్చే నీటి మురికికి అంకెతో హద్దు పెట్టాలని 2009లో కేంద్ర పర్యావరణ సంస్థ 280 ఎన్‌టీయూ (నీటి మురికిని కొలిచే ప్రమాణం) అని నిర్ణయించింది. ఇళ్ల బిల్డర్లు కోర్టుకు వెళ్లారు, లెక్కలో లోపాలు బయటపడ్డాయి, 2014లో ఆ అంకెను తీసేశారు. కొలత మీద నడిచే నియమం అంత తేలిక కాదు.

చిన్న బిల్డర్:
అదే నేనూ అంటున్నది. తనిఖీకి మనుషులున్న దేశంలోనే కంచె ఫొటోకు పరిమితమైతే, ఇక్కడ ఏమవుతుంది?

రిటైర్డ్ ఇంజనీరు:
ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే ఏటా వానలకు ముందు పూడిక తీయించిన వాళ్లలో నేనూ ఒకడిని. మీ కొండ నుంచి జారిన మట్టిని మేము ప్రజల డబ్బుతో ఎత్తి టిప్పర్లలో పంపించాం. కాబట్టి ఖర్చు కొత్తగా పుట్టదు. ఇప్పుడు దాన్ని భరించేది మీరు కాదు, అంతే తేడా.

కానీ గుడ్డ కంచె, బురదనీటిని నిలిపి మట్టిని దింపే గుంత లాంటి వాటి మీద నాకూ పెద్ద నమ్మకం లేదు. కారణం ఈ మట్టే. మన కొండలు ఖోండలైటు రాయి. అది కుళ్లితే ఇసుకతో పాటు బంకమట్టి కూడా వస్తుంది. నిలకడ నీటిలో సన్నని ఇసుక రేణువు ఒక మీటరు దిగడానికి రెండు నిమిషాలు చాలు. బంకమట్టి రేణువుకు మూడు రోజులు దాటుతుంది. మీరు తవ్వే గుంతలో నీళ్లు మూడు రోజులు కదలకుండా ఉంటాయా? గంటలో నిండి పొర్లుతాయి. ఇసుక ఆగుతుంది, ఎరుపు ఆగదు. కాబట్టి లేచిన మట్టిని పట్టుకోవడం కాదు, లేవనివ్వకపోవడమే పద్ధతి. పది ఎకరాలుంటే రెండు ఎకరాలే విప్పాలి, అక్కడ రోడ్డు, కాలువ పూర్తయ్యాకే పక్కది. విప్పిన వాలు మీద కొబ్బరి పీచు వల పరిచి వట్టివేరు గడ్డి నాటాలి. పీచుకు ఉద్దానం, కోనసీమ ఉండనే ఉన్నాయి, దిగుమతి అక్కర్లేదు.

సాగరతీరం:
మట్టి సముద్రంలోకి పోతే నష్టమేమిటి? ఆర్కే బీచ్ కోతకు గురవుతోందని ఓడరేవు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి పోస్తున్నారు కదా. గెడ్డలు ఉచితంగా తెస్తున్నాయి!

రిటైర్డ్ ఇంజనీరు:
బీచ్‌కు కావలసింది ఇసుక. గెడ్డ దాన్ని మధ్యలోనే కల్వర్టుల కింద దింపేస్తుంది. సముద్రం దాకా వెళ్లేది బంక, అది ఒడ్డున నిలవదు.

లా విద్యార్థి:
కొత్త చట్టం కన్నా పాత నియమాన్ని సాగదీయడం తేలిక. 2018 జనవరిలో కేంద్రం నిర్మాణ ధూళి మీద నియమాలు తెచ్చింది. గాలిలో ధూళి హద్దు దాటిన నగరాల్లో తగిన కట్టడి లేకుండా నేల తవ్వకూడదు, మట్టినీ ఇసుకనూ కప్పకుండా వదలకూడదు. విశాఖ జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఉన్న నగరమే. అంటే మట్టి గాలిలో ఎగిరితే అడిగే నియమం ఉంది. అదే మట్టి నీటిలో కొట్టుకుపోతే లేదు. ‘కప్పకుండా వదలకూడదు’ అన్న ఒక్క షరతునే వానాకాలంలో గట్టిగా అమలు చేస్తే సగం పని అయినట్టే.

గెడ్డవీధి:
బాగుంది. ప్రణాళిక ఆమోదం అన్న మాటను ప్రస్తుతానికి పక్కన పెడతాను. చిన్న బిల్డర్ గారు చెప్పినట్టు అది ఇంకో బల్లగా మిగలవచ్చు. వినతిపత్రంలో రోడ్డు మీద నిలబడి ఎవరైనా చూడగలిగిన వాటినే రాస్తాను. ఒకేసారి ఎంత నేల విప్పారో కనబడుతుంది. వాలు కప్పి ఉందో లేదో కనబడుతుంది. టిప్పర్ చక్రాల బురద తారు రోడ్డెక్కిందో లేదో కనబడుతుంది. వీటికి ఎకరానికి ఇంత అని డిపాజిట్ ముందే కట్టించుకోవాలి. బురద దిగువకు వస్తే పూడికతీత ఖర్చును అందులోంచే మినహాయించాలి, మిగిలింది పని ముగిశాక తిరిగి ఇవ్వాలి. దాంతో పాటు అక్టోబరు, నవంబరు నెలల్లో కొత్తగా కొండ కొట్టకూడదు.

చిన్న బిల్డర్:
డిపాజిట్‌కు నేను సరే, తిరిగి ఇచ్చే గడువు కూడా రాస్తేనే. లేకపోతే మా డబ్బు మీ గెడ్డ కన్నా లోతుగా పూడిపోతుంది. అయితే అది అందరికీ వర్తించాలి. కేబుళ్ల కోసం తవ్వి మట్టిని రోడ్డు మీద వదిలే ప్రభుత్వ శాఖలకూ, కాంట్రాక్టర్లకూ కూడా. రెండు నెలల నిషేధం మాత్రం ఒప్పుకోను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలే, తర్వాత తుపాన్ల నెలలు. అన్నీ ఆపితే ఏడాదిలో ఎన్ని నెలలు పని చేయాలి? కిరాయి యంత్రాలు ఖాళీగా ఉండవు.

రిటైర్డ్ ఇంజనీరు:
పని ఆపమనడం లేదు. ఇళ్లు కట్టుకోండి, కాలువలు కట్టుకోండి. కొత్త వాలు విప్పవద్దు, అంతే. హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12న. ఆ రోజు కొండల మీద చెట్లే నిలవలేదు.

చిన్న బిల్డర్:
అయితే క్యాలెండరు తేదీలు వద్దు. వాతావరణ శాఖ భారీ వర్ష హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి కొత్త తవ్వకం ఆపాలి, 48 గంటల్లో విప్పిన వాలు కప్పాలి అని రాయండి, సంతకం పెడతాను.

గెడ్డవీధి:
48 గంటలు ఎక్కువ. హెచ్చరిక వచ్చిన మర్నాడే వాన పడుతుంది. 24 రాస్తున్నాను.