“చర్చించుకోండి” అంటే గోల తప్ప చర్చ రావట్లేదు. ఏం చేయాలి?

చాక్‌పీసు దుమ్ము:

అందరికీ నమస్కారం. నేను ఏడో తరగతికి సైన్సు చెప్తాను. క్లాసులో 42 మంది.

కిరణజన్య సంయోగక్రియ పాఠం ఈసారి నేనే చెప్పేయకుండా ముందు పిల్లల చేత మాట్లాడిద్దామనుకున్నాను. ఆరేసి మందిని ఒక గుంపుగా కూర్చోబెట్టి, బోర్డు మీద “మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయి? చర్చించండి” అని రాసి పది నిమిషాలు టైమిచ్చాను.

ముందు వరసలో ఉన్న గుంపులో, ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయి పుస్తకం తెరిచి జవాబు చదివింది, మిగతా ఐదుగురూ రాసేసుకున్నారు. వాళ్ళ వెనక గుంపులో ఎవరు రాయాలి అన్నదాని మీదే గొడవ. కిటికీ పక్క వాళ్ళు నేను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మాట మార్చేశారు. ఇంకో గుంపయితే రెండో నిమిషానికే “అయిపోయింది మేడమ్” అంది. పక్క క్లాసు టీచరు తలుపు దగ్గరికొచ్చి ఓసారి చూసి వెళ్ళారు. ఏమీ అనలేదు, కానీ ఆ చూపు చాలు.

తర్వాత అందరినీ కలిపి అడిగితే, రోజూ చేతులెత్తే నలుగురే ఎత్తారు.

గుంపులు చిన్నవి చేయాలా? లీడర్లను పెట్టాలా? మాట్లాడితే మార్కులిస్తానని చెప్పాలా? లేక ఈ వయసు పిల్లల దగ్గర నేనే ఎక్కువ ఆశిస్తున్నానా? చేసి చూసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

లెక్కల మేష్టారు:

మేడమ్, మీ పిల్లల్లో లోపం లేదు, గుంపుల్లోనూ లేదు. చిక్కంతా ఆ ప్రశ్నలో ఉంది. జవాబు పుస్తకంలో అచ్చయి ఉంటే మాట్లాడుకోవడానికి ఇంకేముంటుంది? వెతికి రాసుకోవడమే తెలివైన పని. ఆ ఫస్టు అమ్మాయి అదే చేసింది. ఆ వయసులో నేనున్నా అదే చేసేవాణ్ణి.

ఇద్దరికి రెండు రకాలుగా అనిపించే ప్రశ్న కావాలి. మా సైన్సు సర్ దగ్గర కొట్టేసిన ప్రశ్న ఒకటి చెప్తాను. పదిహేడో శతాబ్దంలో జాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే ఆయన ఒక పెద్ద కుండీలో ఆరబెట్టిన మట్టి 200 పౌండ్లు తూచి పోశాడు. అంటే దాదాపు 90 కిలోలు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళ పాటు నీళ్ళు మాత్రమే పోశాడు. చివర్లో తూస్తే చెట్టు 169 పౌండ్లు దాటింది, అంటే దాదాపు 77 కిలోలు. మట్టిని మళ్ళీ ఆరబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులే. 60 గ్రాములు కూడా లేదు. ఈ అంకెలు బోర్డు మీద రాసి “మరి ఆ చెట్టు బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?” అని అడిగి ఊరుకోండి. మొక్క మట్టి తిని పెరుగుతుందని మనసులో నమ్మే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్ళకు ఈ అంకెలు మింగుడుపడవు. మాట అక్కడ మొదలవుతుంది.

ఇక ఇంకో సంగతి. ఇది నాకు జరిగిందే. ఓ ఏడాది నా క్లాసు నేనే ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటికెళ్ళి విన్నాను. సిగ్గేసింది. ప్రశ్న అడగడం, ఒకడు రెండు ముక్కలు చెప్పడం, నేను “కరెక్ట్, కూర్చో” అనడం, మళ్ళీ ప్రశ్న. క్లాసంతా ఇంతే. పింగ్‌పాంగ్ ఆటలో బంతి ప్రతిసారీ నా బల్ల మీదికే వస్తోంది, పిల్లాడి నుంచి ఇంకో పిల్లాడికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. హ్యూ మెహాన్ అనే ఆయన 1979లోనే ఈ వరసను మూడు మెట్లుగా విడదీసి చూపించాడని తర్వాత తెలిసింది. టీచరు అడగడం, పిల్లలు చెప్పడం, టీచరు తీర్పు ఇవ్వడం. తీర్పు వచ్చాక ఇక ఎవరు మాట్లాడతారు?

అందుకని ఒక వారం “కరెక్ట్” అనే మాట మానేశాను. సిగరెట్టు మానేసినవాడిలా నాలుక పీకేది. దాని బదులు “ఎలా తెలిసింది?” అని అడిగేవాణ్ణి. మొదటి రోజే ఒక పిల్లాడు 0.6 కన్నా 0.45 చిన్నది అన్నాడు. సరైన జవాబే. “ఎందుకు?” అన్నాను. వెంటనే “సారీ సర్, పెద్దది” అని మార్చేశాడు. ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పినవాణ్ణే ‘ఎందుకు’ అని అడిగాను కాబట్టి, ‘ఎందుకు’ అంటే ‘నువ్వు తప్పు’ అని వాళ్ళకు అర్థమైపోయింది. ఒప్పు చెప్పినవాళ్ళనీ అదే గొంతుతో ‘ఎందుకు’ అని అడుగుతూ పోతే ఆ భయం వదలడానికి నెల పట్టింది.

లీడరు, రాసేవాడు, టైము చూసేవాడు అని ఉద్యోగాలు పంచడం నేనూ చేశాను. టైము చూసేవాడు టైమే చూశాడు. మార్కులు మాత్రం పెట్టకండి. మార్కు పెడితే మీకు వినిపించేలా మాట్లాడతారు, పక్కవాడితో కాదు.

ఒత్తులు దీర్ఘాలు:

మేష్టారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్కచోట మాత్రం కుదరదు. మంచి ప్రశ్న పడేస్తే చాలు, మాట అదే వస్తుందంటున్నారు. నా అనుభవంలో మంచి ప్రశ్న పడితే ముందు వచ్చేది పోట్లాట. “నీకేం తెలుసు”, “ఛీ, తప్పు”, “అబ్బో, పెద్ద చెప్పొచ్చాడు”. పాపం వాళ్ళకు ఒప్పుకోకపోవడానికి వేరే మాటలు రావు. ఇంట్లో, ఆటలో వాడే మాటలే క్లాసులోనూ వాడతారు. ఇంగ్లండులో నీల్ మెర్సర్ బృందం పిల్లల మాటల్ని ఏళ్ళ తరబడి గమనించి మూడు రకాలన్నారు. కాదంటే కాదని కొట్టుకోవడం ఒకటి, అన్నదానికల్లా ఊ కొట్టడం ఒకటి, కారణాలు చెప్పుకుంటూ కలిసి ఆలోచించడం ఒకటి. మొదటి రెండూ నేర్పకుండానే వస్తాయి. మూడోది నేర్పాలి.

నేను తెలుగు చెప్తాను కాబట్టి నా చూపు మాటల మీదే ఉంటుంది. “నువ్వు తప్పు” అనడానికీ “ఆ మాట నాకు సరిగ్గా అనిపించట్లేదు” అనడానికీ ఎంత తేడా! మొదటిది మనిషికి తగులుతుంది. అందుకే మొదట్లో కొన్ని మాటలు చార్టు మీద రాసి గోడకు అంటించాను. “నువ్వన్నది ఇదేనా?”, “దానికి రుజువేంటి?”, “దానికి నేను ఇంకోటి కలుపుతాను”, ఇలాంటివి. పదిహేను రోజులకు చిలకపలుకులయ్యాయి. ఒకమ్మాయి “నువ్వన్నదానికి నేను ఇంకోటి కలుపుతాను” అని మొదలుపెట్టి, అవతలి అమ్మాయి అన్నదే మళ్ళీ చెప్పి కూర్చుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చార్టు తీసేసి ఒక్క నియమం పెట్టాను. ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు వాళ్ళు అన్నది నీ మాటల్లో చెప్పి, వాళ్ళ చేత “అవును, నేనన్నది అదే” అనిపించుకో. ఆ తర్వాతే “కానీ”. ఇది భలే పనిచేసింది. సగం పోట్లాటలు అక్కడే ఆగిపోయేవి, ఎందుకంటే ఇద్దరూ అంటున్నది ఒకటేనని తేలేది. ఇంకో లాభం ఏంటంటే పక్కవాడు మాట్లాడేటప్పుడు వినకపోతే దొరికిపోతారు.

ఒక్క విన్నపం మేడమ్. మాట్లాడేటప్పుడు ‘పత్రహరితం’ అనలేదని, వాక్యం పూర్తి చేయలేదని మధ్యలో దిద్దకండి. “అదీ... ఆకులో పచ్చగా ఉంటుంది కదా, అది ఎండని... అదే...” అని నీళ్ళు నములుతున్నాడంటే వాడు ఆలోచిస్తున్నాడని అర్థం. చక్కగా గడగడా చెప్పాడంటే చాలాసార్లు బట్టీ పట్టాడని. పుస్తకం మాటలు చివర్లో ఇవ్వండి, అప్పటికి వాటి అవసరం వాళ్ళకే తెలిసొస్తుంది.

వెనక బెంచీ నుంచి:

నేను టీచర్ని కాదు, ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. బడిలో పదేళ్ళూ చెయ్యెత్తని పిల్లని. అందుకే రాస్తున్నాను.

నాకు జవాబు రాక కాదు. టీచరు అడిగేవారు, నేను మనసులో వాక్యం కూర్చుకుంటూ ఉండగానే ముందు బెంచీలో ఎవరో చెప్పేసేవారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో దీన్ని కొలిచిందని పెద్దయ్యాక ఎక్కడో చదివి నవ్వుకున్నాను. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను ఆగడమే ఎక్కువట. మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయట, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడారట. మూడంటే మూడే సెకన్లు. నా పదేళ్ళు అందులో పోయాయి.

ఇంకో మాట. నాలాంటివాళ్ళని మాట్లాడించాలని ప్రేమతో లేపి నిలబెట్టకండి. చెవులు ఎర్రబడి, వచ్చిన జవాబు కూడా పోతుంది. ఒక టీచరు మాత్రం ముందు రెండు నిమిషాలు అందరినీ కాగితం మీద రాయమనేవారు. తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడమనేవారు. ఆ తర్వాతే క్లాసులో చెప్పమనేవారు, అదీ “నీ పక్కమ్మాయి ఏమంది?” అని. పక్కమ్మాయి మాట చెప్పడానికి నాకు భయం వేసేది కాదు. తప్పైతే అది నా తప్పు కాదుగా!

లెక్కల మేష్టారు:

అమ్మా, మీరు రాసినదానికి ఫ్రాంక్ లైమన్ అనే ఆయన 1981లో పేరు కూడా పెట్టాడు, థింక్-పెయిర్-షేర్ అని. “పక్కమ్మాయి ఏమంది” అనే మెలిక మాత్రం నేను వినలేదు. రేపే వాడుకుంటాను.

మేడమ్, ఆరుగురిని పెట్టకండి. ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఆరుగురిలో నలుగురు ప్రేక్షకులే.

చాక్‌పీసు దుమ్ము:

వారం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

విల్లో చెట్టు అంకెలు బోర్డు మీద రాశాను. పుస్తకాలు సంచుల్లో పెట్టించాను. ముందు కాగితం మీద, తర్వాత ఇద్దరిద్దరు. ప్రశ్న అడిగాక మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకున్నాను. ఆ మూడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో! రెండో సెకనుకే నోరు దురద పెట్టింది.

మొదటి చేతులెత్తుళ్ళలో 23 మంది “మట్టి” అన్నారు, అంకెలు ఎదురుగా ఉన్నా సరే. 14 మంది “నీళ్ళు”. మిగతావాళ్ళు చెప్పలేదు, నేనూ బలవంతపెట్టలేదు. ఒక్కరూ గాలి అనలేదు. నాలుక కరుచుకుని ఊరుకున్నాను.

గోల ఉంది. కాకపోతే ఈసారి గోలలో “60 గ్రాములే కదరా తగ్గింది” అన్న ముక్క వినిపించింది. కిటికీ పక్క ఇద్దరు మాత్రం ఎప్పటిలాగే వేరే లోకంలో ఉన్నారు. ‘ముందు అవతలివాళ్ళ మాట చెప్పాలి’ అన్న నియమం సగం మంది మర్చిపోయారు. పీరియడు సరిపోలేదు, సిలబస్ ఒక రోజు వెనకబడింది. ఆ టెన్షన్ ఉంది.

మర్నాడు మొదలుపెట్టగానే, ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్లాడిని “నీ పక్కవాడు ఏమన్నాడు?” అని అడిగాను. లేచి “వాడు నీళ్ళే అన్నాడు మేడమ్. కానీ చెట్టుని ఎండబెడితే నీళ్ళు పోతాయి కదా, అప్పుడూ కట్టె బరువుగానే ఉంటుంది కదా అని నేనన్నాను. వాడు మాట్లాడలేదు” అన్నాడు. నేను “ఎలా తెలుసు?” అన్నాను. భయపడి మార్చేస్తాడేమో అనుకున్నాను. మార్చలేదు. ఈలోగా వెనక నుంచి ఒకమ్మాయి, నన్ను చూడకుండా వాడి వైపు తిరిగి, “మరి ఆయన గాలిని తూచలేదు కదా?” అంది. ఇంకెవరో “గాలిని ఎవరు తూస్తారే” అన్నారు. అంతే, పది నిమిషాలు నేను బోర్డు పక్కన నిలబడ్డాను, ఎవరికీ నా అవసరం రాలేదు.

వాన్ హెల్మాంట్ కూడా చెట్టంతా నీళ్ళతోనే వచ్చిందని రాశాడనీ, ‘గ్యాస్’ అనే మాట పుట్టించింది ఆయనేననీ, అయినా చెట్టు గాలిని తీసుకుంటుందని ఆయనకు తట్టలేదనీ చివర్లో చెప్పాను. మట్టి అన్న 23 మందికి కొంచెం ప్రాణం లేచొచ్చినట్టుంది. ఎండిన కట్టె బరువులో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తుందంటే, ఆ ఫస్టు అమ్మాయి మాత్రం ఇప్పటికీ నమ్మట్లేదు. “పుస్తకంలో అలా లేదు మేడమ్” అంటోంది. పుస్తకంలో ఉంది, సమీకరణం రూపంలో. రేపు దాన్ని చూపించి, ఆమెనీ ఆ గాలి అమ్మాయినీ పక్కపక్కన కూర్చోబెడదామనుకుంటున్నాను.

ఒత్తులు దీర్ఘాలు గారూ, ఆ నియమం మర్చిపోయినప్పుడు మీరు మధ్యలో ఆపి గుర్తు చేస్తారా, లేక అయ్యాక చెప్తారా?

ఒత్తులు దీర్ఘాలు:

మధ్యలో ఆపను. “కానీ” అనగానే చెయ్యి చెవి దగ్గర పెడతాను, అంతే. మూడో వారానికల్లా పిల్లలే ఒకళ్ళకొకళ్ళు చెయ్యి పెట్టుకోవడం మొదలుపెట్టారు.