శబ్దం ముందొస్తే మెదడు ఎందుకు ఒప్పుకోదు?

వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. మాట పెదవుల కన్నా కాస్త వెనకబడితే ఎవరూ పట్టించుకోరు, అదే అంతే తేడాతో ముందొస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఎందుకిలా అండీ?

నాకు తట్టింది ఇది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. క్రికెట్ గ్రౌండ్‌లో 70 మీటర్ల దూరంలో కూర్చుంటే, బంతి బ్యాట్‌కి తగిలిన చప్పుడు సెకనులో ఐదో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. బయట ప్రపంచంలో చప్పుడు వెనక రావడమే గానీ, ముందు రావడం ఉండదు కదా! మెదడు దానికే అలవాటు పడిందా? ఈ సర్దుబాటు పుట్టుకతోనే ఉంటుందా, చిన్నప్పుడు నేర్చుకుంటామా? పసిపిల్లల మీద జరిగిన పరిశోధనల గురించి తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. నిజంగా తెలుసుకోవాలని ఉంది.