పిల్లికి తిండి మార్చాక షుగర్ 46కి పడింది, ఇన్సులిన్ ఎంత తగ్గించాలి?

మా పిల్లికి 11 ఏళ్లు, 5.2 కిలోలు. మార్చి నుంచి గ్లార్జిన్ (ఇన్సులిన్) 2 యూనిట్లు, ఉదయం 7కి, రాత్రి 7కి. డ్రై ఫుడ్ తిన్నన్నాళ్లూ సూదికి ముందు షుగర్ 340–380 ఉండేది. పోయిన వారం అది పూర్తిగా మానిపించి వెట్ ఫుడ్ మొదలుపెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు 46! వెనక కాళ్లు తూలిపోయాయి. చిగుళ్లకు తేనె రాస్తే అరగంటలో 115కి వచ్చింది.

డోసు 1 యూనిట్ చేస్తే మర్నాడు 310. పాత ఫుడ్ గుప్పెడు కలిపితే మళ్లీ 360. చూసేది మనుషుల గ్లూకోమీటర్‌తోనే, చెవి అంచున చుక్క తీసి (పిల్లులకు కాస్త తక్కువ చూపిస్తుందని తెలుసు). మా డాక్టరు సోమవారం దాకా ఊళ్లో లేరు, నాకేమో రాత్రిళ్లు టెన్షన్.

ఇలా వెట్ ఫుడ్‌కు మార్చినవాళ్లు, సూదికి ముందు షుగర్ ఎంత ఉన్నప్పుడు డోసు ఎంత తగ్గించారు?