బాగున్న కాన్యులాను మూడో రోజు పీకేయాల్సిందేనా? ఆ ఆస్ట్రేలియా స్టడీ మన వార్డుకు సరిపోతుందా?

కొండారెడ్డి బురుజు:
కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డు స్టాఫ్ నర్సుని. మా దగ్గర రూలు ఏమంటే, కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టి 72 గంటలు దాటితే బాగున్నా బాగలేకున్నా తీసేసి ఇంకోచోట పెట్టాలి. పోయిన వారం పత్తికొండ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది, డెబ్బై దాటింటాయి, చేతులు చూస్తే నరం అనేదే కనపడదు. మొదటి రోజు నానా తంటాలు పడితే ఎడమ చేతికి నీలం రంగుది, 22 గేజ్, ఎక్కింది. మూడో రోజుకి వాపు లేదు, ఎరుపు లేదు, ఫ్లష్ చేస్తే, అంటే కొంచెం సెలైన్ తోసి చూస్తే, హాయిగా పోతోంది. యాంటీబయాటిక్ ఇంకా రెండు రోజులుంది. రూలు రూలే అని తీయించారు. తర్వాత నాలుగు పోట్లు. నాలుగోది ఎక్కింది కానీ మర్నాటికి అదీ వాచింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నీ తప్పేముందిలే మ్మా" అనింది.

ఆ కోపంలో కూర్చుని చదివాను. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో క్లెయిర్ రికార్డ్ బృందం వేసిన స్టడీ. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రులు, 3,283 మంది పేషెంట్లు. ఒక గ్రూపుకి మూడో రోజు మార్చేశారు, ఇంకో గ్రూపుకి ఏదైనా ఇబ్బంది కనపడితేనే తీశారు. ఫ్లెబైటిస్ (నరం వాచి మండటం) ఇటు 114 మందికి, అటు 114 మందికి. రెండు పక్కలా 7 శాతం. వైద్య స్టడీలను కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2019 సమీక్షలో 9 ట్రయల్స్, 7,412 మందిని కలిపి చూసినా ఫ్లెబైటిస్‌లో స్పష్టమైన తేడా లేదన్నారు. ఇంకేం కావాలి? బుధవారం ఇన్‌చార్జ్ మేడమ్ ముందు పెట్టి ఈ రూలు తీసేయమని అడగబోతున్నా. మీరేమంటారు?

రాత్రి డ్యూటీ:
రూలు తీసేస్తే సంతోషమే. ఒక్క ప్రశ్న. "ఇబ్బంది కనపడితే" అంటున్నారు కదా, కనపడాలంటే ఎవరో ఒకరు చూడాలి. 38 బెడ్లకి రాత్రి ఇద్దరం. ఎవరు చూస్తారు సిస్టర్?

హంద్రీ గట్టు:
చెల్లీ, పదకొండేళ్లుగా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూస్తున్నా, అవ్వ సంగతి చదివి నాకూ కడుపులో తిప్పింది. కానీ 114, 114 అన్న రెండు అంకెల దగ్గరే ఆగిపోతే ఎట్లా? ఫ్లెబైటిస్ అంటే నొప్పి, ఎరుపు, వాపు, తీసేస్తే చాలామందికి తగ్గిపోతుంది. నాకు నిద్రపట్టనివ్వనిది రక్తంలో ఇన్‌ఫెక్షన్. దాని గురించి జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రుల వాళ్లు 2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వేశారు. వాళ్లు నువ్వు అడిగిన పనే చేశారు, 96 గంటలకు మార్చే రూలు 2018 ఏప్రిల్‌లో తీసేసి ఇబ్బంది ఉంటేనే మార్చండి అన్నారు. మొత్తం 4 లక్షల 12 వేలకు పైగా కాన్యులాల లెక్క. రూలు ఉన్న రెండేళ్ల చిల్లరలో కాన్యులా వల్ల వచ్చిన రక్త ఇన్‌ఫెక్షన్లు 11, రూలు తీసేసిన ఏడాదిన్నరలో 46. రేటు చూస్తే దాదాపు ఏడింతలు. భయపడి 2019 అక్టోబరులో పాత రూలు మళ్లీ పెట్టారు, మళ్లీ తగ్గింది. బుధవారం మీ మేడమ్ ఇది చదివి వచ్చి ఉంటే నువ్వేం చెప్తావు?

కొండారెడ్డి బురుజు:
అక్కా, అది ఆర్‌సీటీ కాదు కదా, అంటే పేషెంట్లను చీటీ వేసినట్టు రెండు గ్రూపులుగా పంచి చేసిన స్టడీ కాదు! ముందు, తర్వాత పోల్చిన స్టడీ. చదువుకున్నప్పుడు ఏ రకం స్టడీని ఎంత నమ్మాలో చూపే ఎవిడెన్స్ పిరమిడ్ అని బొమ్మ గీయించారు, ఆర్‌సీటీ పైన, ఇది కింద. పైనున్నది తేడా లేదంటే కిందున్నది ఎట్లా కొట్టేస్తుంది?

పెన్న ఇసుక:
అనంతపురంలో నర్సింగ్ కాలేజీలో చెప్తుంటాను, ఆ పిరమిడ్ బొమ్మ గీయించే పాపం నాదీ ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు ఆస్ట్రేలియా స్టడీని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుందాం. ఎవరు ఏ గ్రూపన్నది కంప్యూటర్ తేల్చింది, పేషెంటును చేర్చుకునేదాకా నర్సుకు తెలియదు. నరాలు బాగున్నవాళ్లను ఇటు, లేనివాళ్లను అటు తోసే అవకాశం లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, వాళ్లు "తేడా ఉందా" అని వెతకలేదు, "సమానమేనా" అని వెతికారు. ఎంత తేడా వరకు సమానం అని ఒప్పుకుంటామో ముందే రాసుకున్నారు, 3 శాతం. వచ్చిన తేడా 0.41 శాతం, దాని విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల హద్దులు) మైనస్ 1.33 నుంచి 2.15 వరకు. ఎటు చూసినా 3 లోపలే. మన దగ్గర ఎమ్మెస్సీ థీసిస్‌లలో 30 మంది ఇటు, 30 మంది అటు పెట్టి, పి విలువ 0.05 కంటే ఎక్కువొచ్చింది, అంటే తేడా తేలలేదు కాబట్టి రెండూ ఒకటే అని రాసేస్తారే, అది వేరు, ఇది వేరు. అక్కడ తేడా ఉన్నా పట్టుకునే శక్తి ఆ 60 మందికి ఉండదు. (ఇట్లాంటివి ఏటా నేనూ సంతకం పెట్టి పంపిస్తున్నా, తిట్టుకోండి.)

లోపాలు. ఏ గ్రూపో పేషెంటుకూ తెలుసు, నర్సుకూ తెలుసు, ల్యాబ్ వాళ్లకు మాత్రమే తెలియదు. నొప్పి ఉందా అని అడిగి రాసుకునే ఫలితానికి ఇది చిన్న విషయం కాదు. రక్తంలో ముందే ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లను చేర్చుకోలేదు, మన వార్డులో వాళ్లూ ఉంటారు.

ఇక బురుజు గారి పిరమిడ్. ఆస్ట్రేలియాలో ఇబ్బంది వస్తేనే తీసిన గ్రూపు 1,593 మంది. కాన్యులా వల్లనే అని తేలిన రక్త ఇన్‌ఫెక్షన్ వాళ్లలో సున్నా. వినడానికి బాగుంది. కానీ దీనికొక పాత లెక్క ఉంది, ఎంతమందిలో వెతికినా ఒక్కటీ కనపడకపోతే 3ని ఆ సంఖ్యతో భాగించు, అసలు రేటు అంతవరకు ఉండే వీలుంది. 3 బై 1,593 అంటే దాదాపు 530 మందిలో ఒకరు. జెనీవాలో మొత్తం 4 లక్షల పైచిలుకు కాన్యులాల్లో ఈ ఇన్‌ఫెక్షన్లు పదుల్లోనే. అంత అరుదైనదాన్ని మూడు వేల మందిలో వెతికితే ఎట్లా దొరుకుతుంది? హంద్రీ నదిలో ఉంగరం పడేసి చెంబుడు నీళ్లు ముంచి ఉంగరం లేదన్నట్టు. కాబట్టి ఫ్లెబైటిస్ అనే ప్రశ్నకు ఆస్ట్రేలియా స్టడీ గట్టి జవాబు. రక్త ఇన్‌ఫెక్షన్ అనే ప్రశ్నకు అది జవాబే కాదు. ఏ ప్రశ్నకు ఏ స్టడీ అని చూడాలి గానీ, ఏది పైమెట్టు ఏది కిందమెట్టు అని ఊరికే చూడకూడదు.

రాత్రి డ్యూటీ:
చెంబు ఉపమానం బాగుంది సార్. వేసవిలో హంద్రీలో చెంబు మునిగేన్ని నీళ్లుంటే.

కొండారెడ్డి బురుజు:
సరే సార్, 530 లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, రాసుకున్నా. అయితే జెనీవాదే నమ్మాలా? ఆ ఏడాదిన్నరలో ఇంకేమైనా మారి ఉండొచ్చు కదా, స్టాఫ్ మారి ఉండొచ్చు, రోగులు మారి ఉండొచ్చు.

పెన్న ఇసుక:
సరైన అనుమానం. ముందు-తర్వాత స్టడీకి అదే పెద్ద బలహీనత. కాకపోతే ఇక్కడ రూలు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. తీసినప్పుడు పెరిగి, పెట్టగానే తగ్గింది. ఒక్కసారి మార్చి వదిలేసిన దానికంటే ఇది కొంచెం నమ్మదగ్గది. అట్లాగని నిరూపణ కాదు.

హంద్రీ గట్టు:
నేను కూడా జెనీవా చూపించి 72 గంటలే అనడం లేదు, అక్కడ రూలు 96. ఇంకో మాట చెప్పనా, ఈ 72 ఎక్కడి నుంచి వచ్చిందో మన ఆసుపత్రుల్లో ఎవరూ సరిగ్గా చదవలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2011 గైడ్‌లైన్ చెప్పింది ఏమంటే, పెద్దవాళ్లలో 72 నుంచి 96 గంటల కంటే తరచుగా మార్చనక్కర్లేదు అని. "అంతకంటే ముందు వద్దు" అన్నదాన్ని మనవాళ్లు "అంతలోపు తీయాల్సిందే" అని గోడమీద అంటించారు. ఇబ్బంది ఉంటేనే మార్చడం మీద పెద్దవాళ్లకు అది ఏ సిఫారసూ ఇవ్వలేదు, తేలని విషయం అని వదిలేసింది. పిల్లలకైతే అదే గైడ్‌లైన్‌లో ఇబ్బంది ఉంటేనే మార్చమని ఉంది.

కొండారెడ్డి బురుజు:
అంటే మా పిల్లల వార్డులో కూడా 72కి తీయించడం...

హంద్రీ గట్టు:
అంతే తల్లీ.

కడప కారం దోసె:
నేను నర్సుని కాదు, మా నాయన పక్కన పదకొండు రోజులు కూర్చున్నవాణ్ని. మీ అంకెలు సగం అర్థం కాలేదు గానీ ఒకటి చెప్తా. ఆయనకు నాలుగో రోజు మధ్యాహ్నం నుంచే చెయ్యి మండుతోందని అన్నాడు. నేను పోయి చెప్పినా, "సెలైన్ పోతోంది కదా, ఏం కాదు" అన్నారు. నాకేం తెలుసు, నమ్మినా. పొద్దునకి మోచేతి దాకా తాడు మాదిరి గట్టిగా అయింది. అది తగ్గడానికి రెండు వారాలు పట్టింది. అక్కడ రూలు ఉందో లేదో తెలియదు. ఉండి ఉంటే ముందురోజే తీసేవాళ్లు. మీరు రూలు తీసేయాలంటే తీసేయండి, కానీ మేము వచ్చి చెప్పినప్పుడు లేచి వచ్చి చూడండి.

రాత్రి డ్యూటీ:
కడప అన్నా, తప్పు మాదే, సాకు చెప్పను. కానీ నా మొదటి ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు, అన్న చెప్పింది అదే. ఎవరు చూస్తారు?

పెన్న ఇసుక:
రాత్రి డ్యూటీ గారు మొదట్లోనే గుండెకాయ మీద వేలు పెట్టారు, నేను అంకెల్లో పడి దాటేశాను. ఆస్ట్రేలియా ట్రయల్‌లో రీసెర్చ్ నర్సులు రోజూ ప్రతి పేషెంటు దగ్గరికి పోయి ఆ చోటు చూసి రాసుకున్నారు. కోక్రేన్ వాళ్లు కూడా, ఇబ్బంది ఉంటేనే మార్చే పద్ధతికి పోవచ్చు అని చెప్తూనే, ప్రతి షిఫ్ట్ మారేటప్పుడు సూది పెట్టిన చోటు చూడాలి, మంట, వాపు, మూసుకుపోవడం కనపడితే తీసేయాలి అని రాశారు. మన పవర్‌పాయింట్లలో ఆ ముక్క ఎగిరిపోతుంది. కాబట్టి అక్కడ పరీక్షించింది "వదిలేయడం" కాదు, "చూస్తూ ఉంచడం". చూడటం తీసేసి ఉంచడం మాత్రం తెచ్చుకుంటే అది ఏ ట్రయల్‌లోనూ లేని వైద్యం.

అదే సమీక్షలో ఇంకోటి: మందు బయటికి కారి చెయ్యి ఉబ్బడం, కాన్యులా మూసుకుపోవడం, ఈ రెండూ రూలు ప్రకారం మార్చినవాళ్లలో తక్కువగా ఉండొచ్చు అన్నారు. మన బురుజు గారి పోస్టులో ఈ మాట రాలేదు. కావాలని వదిలేశారని కాదు, మనకు నచ్చిన జవాబు దొరికితే కన్ను అక్కడే ఆగుతుంది, నాదీ అంతే.

హంద్రీ గట్టు:
దానికి తోడు మన వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు, జనరల్ వార్డులో ఫ్యాన్ కింద చెమటకు ప్లాస్టర్ సాయంత్రానికి లేచిపోతుంది. మణికట్టు దగ్గర పెడితే గాజులు తగులుతాయి, తీయమంటే ముత్తైదువులు తీయరు. అటెండర్లు చెయ్యి మీద టవల్ కప్పుతారు, కింద ఏముందో కనపడదు. పొటాషియం క్లోరైడ్, ఫెనిటాయిన్ లాంటి మందులు చిన్న నరంలో పోతుంటే మూడో రోజు కాదు, మూడో గంటకే మంట మొదలవుతుంది, అప్పుడు 72 గంటల రూలు ఎవరిని కాపాడింది? రూలు ఉన్నచోట కూడా టైమ్ అయితేనే చూస్తాం, కాకపోతే చూడం. నాకు రూలు మీద ఉన్న కోపం అది.

కొండారెడ్డి బురుజు:
అక్కా, మీరు రూలు పక్షమా, కాదా?

హంద్రీ గట్టు:
చూసేవాళ్లు ఉన్న వార్డులో రూలు వద్దు. లేని వార్డులో ఉండనీ. మీది ఏ వార్డో నువ్వే చెప్పాలి, లాన్సెట్ చెప్పదు.

కొండారెడ్డి బురుజు:
రెండు రోజులు ఆలోచించా. బుధవారం రూలు తీసేయమని అడగను. వేరేది అడుగుతా. రెండు వారాలు మా ఒక్క వార్డులో, షిఫ్ట్ మారే ప్రతి హ్యాండోవర్‌లో ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ కలిసి ప్రతి కాన్యులాని చూసి వీఐపీ స్కోరు (సూది పెట్టిన చోట మంట, వాపు ఎంతుందో చెప్పే అంకె) షీటులో రాయాలి. సున్నా నుంచి అయిదు, రెండు వస్తే తీసేయడమే, 10 గంటలైనా 100 గంటలైనా. 72 రూలు అప్పటికి అట్లాగే ఉంటుంది, నరాలు దొరకనివాళ్లకు మాత్రం డాక్టరు సంతకంతో మినహాయింపు. రెండు వారాల తర్వాత ఎన్ని గళ్లు నిండాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయో లెక్కపెడతా. సగం ఖాళీగా ఉంటే నేనే నోరు మూసుకుంటా.

పెన్న ఇసుక:
ఇది రీసెర్చ్ అని ఎక్కడా రాయొద్దు, క్వాలిటీ చెక్ అని రాయండి. రెండు వారాల్లో ఇన్‌ఫెక్షన్ తగ్గింది, పెరిగింది అని కూడా చెప్పొద్దు, చెంబు గుర్తుంచుకోండి. చూశారా లేదా అన్నది మాత్రమే మీ లెక్క.

రాత్రి డ్యూటీ:
షీటు నేను వేసి ఇస్తా. ఒక్కటి, రాత్రి గళ్లలో టిక్కులు సాయంత్రమే కొట్టేస్తారు, నేనూ కొట్టినా. స్కోరు పక్కన టైమ్ రాసే గడి పెట్టు. పేషెంటు పక్కన ఉన్నవాళ్లు చెప్పింది రాయడానికి ఇంకో గడి కూడా, కడప అన్న కోసం.

కడప కారం దోసె:
ఆ గడి పెద్దది పెట్టండి మేడమ్.

కొండారెడ్డి బురుజు:
పెడతా అన్నా. అవ్వ నిన్న డిశ్చార్జ్ అయింది. కుడి చెయ్యి ఇంకా కమిలే ఉంది, ఐస్ పెట్టుకోమని చెప్పి పంపించా. బుధవారం అయ్యాక వచ్చి రాస్తా.