పక్షవాతం తరువాత ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ: ఒకదాని తరువాత ఒకటా, రెండూ కలిపా?

రోగి కుమారుడు, గాజువాక:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి నెల దాటింది. కుడి చేయి, కుడి కాలు బలహీనపడ్డాయి. నడక కుదిరేదాకా ఆక్యుపేషనల్ థెరపీ (బట్టలు తొడుక్కోవడం, స్నానం వంటి రోజువారీ పనులు మళ్లీ నేర్పే చికిత్స) అక్కర్లేదని ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు గారు, రెండూ ఇప్పుడే మొదలుపెట్టమని డాక్టరు గారు అంటున్నారు. ఏది సరైనది?

ఫిజియోథెరపిస్టు, సీతమ్మధార:
కూర్చుంటే నడుము నిలవని మనిషికి చొక్కా తొడుక్కోవడం నేర్పబోతే పడిపోతాడు. పైగా ఒకే గంటను ఇద్దరం పంచుకుంటే, కాలికి అవసరమైనన్ని సార్లు అభ్యాసం చేయించే వ్యవధి ఉండదు. కాబట్టి నడకే ముందు.

ఆక్యుపేషనల్ థెరపిస్టు, మధురవాడ:
వ్యవధి విషయంలో మీతో ఏకీభవిస్తాను, వరుస విషయంలో కాదు. మంచం అంచున కూర్చోబెట్టి, బలహీనమైన చేతిని ముందుగా చొక్కాలోకి దూర్చి, ఆపై రెండో చేతిని తొడిగించేటప్పుడు నడుము పట్టు, బరువును అటూ ఇటూ మార్చుకోవడం, చేతి కదలిక అన్నీ ఒకే పనిలో సాధన అవుతాయి. పడకుండా పక్కన పట్టుకోవడానికి మీరుంటే ఇంకా మంచిది. నడక వచ్చేదాకా చేతిని వదిలేస్తే కోలుకోవడానికి అనువైన తొలి నెలలు వృథా అవుతాయి, వేళ్లు బిగుసుకుపోయే ముప్పూ ఉంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2023 నాటి మార్గదర్శకాలు అన్ని థెరపీలూ కలిపి రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు అందించాలని చెప్పాయి. ఇంట్లో ఒక్క గంట దొరికే మన కుటుంబాలకు అది దూరపు మాటే, నిజమే. అయితే ఆ కొరతకు మందు ఒక థెరపీని వాయిదా వేయడం కాదు.

ఫిజియోథెరపిస్టు, సీతమ్మధార:
ఆ మిగతా గంటలను ఇంటివాళ్లతో నింపవచ్చని మాత్రం అనకండి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో జరిగి 2017లో వెలువడిన అటెండ్ అధ్యయనంలో, కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి ఇంట్లో సాధన చేయించినా, ఆరు నెలల నాటికి మరణాలు గానీ పరాధీనత గానీ తగ్గలేదు.

ఆక్యుపేషనల్ థెరపిస్టు, మధురవాడ:
అందుకే నిపుణులిద్దరూ కావాలంటున్నాను. గాజువాక మిత్రమా, వారంలో ఒక్కరోజైనా ఇద్దరినీ ఒకే సమయానికి పిలిపించి, స్నానాల గదిలోకి వెళ్లి రావడం వంటి ఒక పనిని ఉమ్మడి లక్ష్యంగా పెట్టమనండి. మిగతా రోజుల్లో ఎవరి సాధన వారు చేయిస్తారు. నాన్నగారిని లేపేటప్పుడు కుడి చేయి పట్టి ఎవరూ లాగకూడదు, భుజం కీలు జారుతుంది.

రోగి కుమారుడు, గాజువాక:
చేయి పట్టే లేపుతున్నాం, ఈరోజే మానేస్తాం. ఉమ్మడి రోజు గురించి ఫిజియోథెరపిస్టు గారిని అడుగుతాను.